గ్యారేజ్‌లో గ్యాస్ హీటర్ వేలాడదీసే ముందు గోడ అవతల చూడండి

మిషిగన్‌కి వచ్చిన కొత్తలో గ్యారేజ్ అంటే కారు పెట్టుకునే చోటే అనుకున్నా. ఇప్పుడు మా గ్యారేజ్‌లో బియ్యం బస్తాలు, పిండివంటలకి ఇంకో స్టవ్, ఓ మూల నా చెక్కపని బల్ల కూడా ఉన్నాయి. జనవరిలో అక్కడ పది నిమిషాలు నిలబడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకే సీలింగ్‌కి వేలాడే గ్యాస్ హీటర్ పెట్టించుకున్నాం. ఇళ్లకి ఎక్కువగా 30 వేల నుంచి 75 వేల బీటీయూల (గంటకి ఎంత వేడికి సరిపడా గ్యాస్ కాలుస్తుందో చెప్పే లెక్క) దాకా ఉన్నవి వాడతారు, ఇన్సులేషన్ సరిగ్గా ఉన్న రెండు కార్ల గ్యారేజ్‌కి మామూలుగా 45 వేలది చాలు.

హీటర్ తెచ్చుకోగానే అందరూ సీలింగ్ వైపు చూస్తారు. మీరు మాత్రం ముందు బయటికెళ్లి గోడ చూడండి. కాలిన గ్యాస్ బయటికొచ్చే చోటు కుదిరితేనే మిగతా పని. ఫ్యాన్‌తో పొగ నెట్టే రకమైతే పొగగొట్టం మూతి కిటికీకీ తలుపుకీ పక్కల నుంచి కనీసం 4 అడుగుల దూరంలో ఉండాలి, గ్యాస్ మీటరు పక్కనా పెట్టకూడదు. నేల నుంచి అడుగు ఎత్తు చాలని మాన్యువల్లో రాసుంటుంది కానీ, డ్రైవ్‌వే మీద మంచు తోసి గోడ పక్కన కుప్పేసేది మనమే కాబట్టి ఆ కుప్ప ఎంత ఎత్తు లేస్తుందో గుర్తు చేసుకుని దానికంటే అడుగు పైన పెట్టించండి. మూతి మంచుతో మూసుకుపోతే లోపల కార్బన్ మోనాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంది, దానికి వాసన కూడా ఉండదు. డ్రయ్యర్‌కి వాడే మెత్తటి గొట్టం ఇక్కడ పనికిరాదు. వాటర్ హీటర్ పొగగొట్టం దగ్గరే ఉంది కదా అని దాంట్లో కలిపేస్తామంటే అసలు ఒప్పుకోకండి. ఒంటి పొర గొట్టమైతే చెక్కకి 6 అంగుళాలు ఎడం ఉండాలి, ప్రతి అతుకుకీ మూడు స్క్రూలు. అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఇవ్వాలి. ఎటు వాలాలో మీ మోడల్ మాన్యువల్ చూసి చేయాలి, ఎవరో చెప్పింది విని కాదు.

గ్యారేజ్‌లో పెయింట్, థిన్నర్, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్ ఉంటే, మండటానికి కావలసిన గాలిని కూడా బయటి నుంచే లాక్కునే రకం కొనండి. ఆ ఆవిర్లు మంటలోకి వెళ్తే లోపల మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్‌ని తినేస్తాయి. కాస్త ఎక్కువ పెట్టినా నేనైతే అదే కొంటాను.

ఇక వేలాడదీయడం. ఇంటి గ్యారేజ్‌లో హీటర్ అడుగు భాగం నేల నుంచి కనీసం 7 అడుగులు ఉండాలని చాలా మోడళ్లు అడుగుతాయి. పైన, పక్కల ఎంత ఖాళీ కావాలో హీటర్ మీదున్న ప్లేటులోనే ఉంటుంది. నేను అవన్నీ టేపుతో కొలిచి, గోడ మీద పెన్సిల్ గీతలు గీసి, తమ్ముడితో కలిసి ఎత్తి బిగించి, ఆహా అనుకుంటూ గ్యారేజ్ తలుపు బటన్ నొక్కాను. పైకి లేచిన తలుపు వచ్చి హీటర్‌కి రెండు వేళ్ల దూరంలో ఆగింది. మళ్లీ అంతా విప్పాం. మీరు తలుపు పూర్తిగా తెరిచి ఉంచి కొలవండి.

బరువు సీలింగ్‌ని మోసే చెక్క దూలాల (జాయిస్ట్ లేదా ట్రస్) మీద పడాలి, కింద కనిపించే డ్రైవాల్ పలక మీద కాదు. 3/8 అంగుళాల థ్రెడెడ్ రాడ్లు వాడి, ప్రతి రాడ్‌కీ ఒకదాని మీద ఒకటి రెండు నట్లు బిగించండి. ఫ్యాన్ అదురుకి ఒంటి నట్టు మెల్లగా వదులవుతుంది.

గ్యాస్ పని మాత్రం లైసెన్స్ ఉన్న మనిషికే ఇవ్వండి, పర్మిట్ తీసుకోండి. కానీ ఆయన్ని ఒక ప్రశ్న అడగండి: మెయిన్ పైపు సైజు చాలుతుందా? ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ 80 వేలు, వాటర్ హీటర్ 40 వేలు ఇప్పటికే ఉంటే, కొత్తదానితో మొత్తం 1,65,000 బీటీయూలు. మామూలు ఇంటి ప్రెషర్ మీద 60 అడుగుల ముప్పావు అంగుళం ఇనప పైపు దాదాపు 1,37,000 దాకానే మోస్తుంది. హీటర్ దగ్గరి చిన్న ముక్క బాగానే ఉండి, అసలు లైను చాలక అన్నీ ఒకేసారి వెలిగిన చలి రాత్రి ఫర్నేస్ మొరాయిస్తుంది. హీటర్ దగ్గర షటాఫ్ వాల్వ్, యూనియన్ (పైపుని విప్పుకోగలిగే జాయింట్), చెత్త పడటానికి డ్రిప్ లెగ్ ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. లైను ప్రెషర్ టెస్ట్ అర పీఎస్ఐ దాటి చేస్తే హీటర్‌ని లైను నుంచి విడదీయాలి, లేకపోతే లోపలి గ్యాస్ వాల్వ్ పాడవుతుంది. నేచురల్ గ్యాస్‌కి తయారైన హీటర్‌ని ప్రొపేన్‌తో వాడాలంటే దాన్ని మార్చే కన్వర్షన్ కిట్ తప్పనిసరి. ప్రొపేన్ మన ఊళ్లో సిలిండర్ గ్యాస్ లాంటిదే, లీకైతే కిందకి దిగి నేల మీద పేరుకుంటుంది.

కరెంటుకి వేరే బ్రేకర్, థర్మోస్టాట్ వేడి గాలి నేరుగా తగలని చోట. అంతే.

వెలిగించే ముందు ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు రాయండి, బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, దండం పెట్టి చెప్తున్నా వద్దు. గ్యాస్ వాసన గట్టిగా వస్తే స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేయండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ఆ రోజే నొక్కి చూడండి.

వెలిగాక మంట నీలంగా, నిలకడగా ఉండాలి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. నేచురల్ గ్యాస్ అయితే మిగతా గ్యాస్ సామానంతా ఆపి, మీటరు మీద 2 ఘనపుటడుగుల ముల్లు ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 45 వేల హీటర్‌కి సుమారు 160 సెకన్లు పట్టాలి. మరీ తేడా ఉంటే బిగించినాయన్ని వెనక్కి పిలవండి.

ఆఖరున మా ఇంటికి సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. హీటర్ వైపు తల కూడా ఎత్తకుండా నేరుగా వెళ్లి గ్యారేజ్ తలుపు బటన్ నొక్కాడు.