గల్ఫ్ వీసా వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

ఏజెంట్ ఫోన్ చేసి "వీసా వచ్చింది, పైసలు రెడీ చేసుకో" అనగానే ఇంట్లో అప్పు కోసం పరుగులు మొదలవుతాయి. కాస్త ఆగి, ముందు ఆ వీసా కాపీ వాట్సాప్‌లో పెట్టమనండి. విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే ఇక మాటలొద్దు. "అక్కడికి పోయాక కంపెనీ మార్చేస్తుంది, అందరూ అట్లనే పోతున్నారు" అంటాడు. నిజమే, కొందరికి మారుతుంది కూడా, అందుకే జనం నమ్ముతారు. మారనివాడు గడువు దాటాక ఖల్లివెల్లి (కాగితాల్లేకుండా దొంగచాటుగా ఉండేవాడు) అయిపోతాడు, జీతం ఎగ్గొట్టినా పోలీసు దగ్గరికి పోలేడు, ఆ సంగతి పని చేయించుకునేవాడికి బాగా తెలుసు. ఆజాద్ వీసా కూడా అంతే: కాగితం మీద కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకడు, పని ఇంకొకడి దగ్గర, పట్టుబడితే నష్టం మీకే.

వర్క్ వీసానే అయితే అందులో అరబిక్‌లో రాసిన పని పేరు మీద గూగుల్ లెన్స్ పెట్టండి. ఇక్కడ ఆఫీస్ బాయ్ అని చెప్పి వీసాలో గొర్రెల కాపరి అని ఉంటే, మిమ్మల్ని దింపేది ఎడారిలోనే.

ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్‌కు లైసెన్స్ ఉండదు. అతని వెనక ఉన్న ఏజెన్సీ పేరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో దాని లైసెన్స్ ఇంకా నడుస్తోందో లేదో చూడండి. చట్టం ప్రకారం ఏజెన్సీ తీసుకోగలిగే ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగి రసీదు ఇవ్వనంటే అర్థమైపోవాలి. కట్టేదేదైనా బ్యాంకు ద్వారానే కట్టండి.

పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్), వాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాల్సిందే. విజిట్ వీసా అంటగట్టేది దీన్ని తప్పించుకోవడానికే. క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది, రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు.

విమానం ఎక్కే ముందు పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్ట్ ఫోటోలు ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఉండాలి. దిగగానే పాస్‌పోర్ట్ లాక్కునే కఫీల్‌లు ఉన్నారు, సౌదీ, ఖతర్, యూఏఈల్లో అది చట్టవిరుద్ధమైనా సరే. మన ఎంబసీ నంబరు కాగితం మీద కూడా రాసుకోండి, ఎందుకంటే ఫోన్ కూడా పోవచ్చు.

అక్కడ ఇరుక్కుంటే? కొడుతున్నా, ప్రాణభయం ఉన్నా నేరుగా ఎంబసీకే పోండి. జీతం గొడవైతే మాత్రం చెప్పకుండా పారిపోవద్దు, సౌదీలో కఫీల్ హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న ఫిర్యాదు) పెట్టాడంటే ఇంటికి రావడం కూడా కష్టమే. ముందు మీరున్న చోటి లొకేషన్, కఫీల్ పేరు, ఎన్ని నెలల జీతం రావాలో ఇంటికి పంపండి. ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 1800 11 3090కి ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోమనండి, ఎంబసీ వాళ్లతో మాట్లాడిన ప్రతిసారీ అదే చెప్పాలి.