ఇంట్లోనే కోడిపిల్లలు తీయడం – 5వ పాఠం: పొట్టి పెట్ట, భారీ పుంజు

పోయిన పాఠంలో పొదగడానికి గుడ్లు ఏరుకోవడం, వాటిని నిల్వ చేయడం నేర్చుకున్నాం. ఈ పాఠం జత గురించి. పుంజు, పెట్ట సైజులో బాగా తేడా ఉన్నప్పుడు ఏం మారుతుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

ముందు ఒక భయం తీసేద్దాం. తండ్రి భారీ జాతిదైతే పిల్ల గుడ్డులో పట్టక, బయటికి రాలేక లోపలే చచ్చిపోతుందేమోనని చాలామంది టెన్షన్ పడతారు. అలా జరగదు. గుడ్డు సైజు తల్లిని బట్టే ఉంటుంది. 21 రోజులూ పిల్లకు ఆహారం ఆ గుడ్డులోని సొన ఒక్కటే, చోటూ అంతే. అందుకే పుట్టినప్పుడు పిల్ల బరువు గుడ్డు బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది. 35 గ్రాముల గుడ్డు నుంచి 23 గ్రాముల పిల్ల, 60 గ్రాముల గుడ్డు నుంచి 40 గ్రాముల పిల్ల వస్తుందనుకోవచ్చు. తండ్రి పోలిక బయటపడేది ఆ తర్వాత, మేత తిని పెరిగేటప్పుడు.

అసలు ప్రమాదం గుడ్డులో లేదు, జత కట్టే చోట ఉంది. పుంజు తొక్కేటప్పుడు దాని బరువంతా పెట్ట వీపు మీద పడుతుంది. గోళ్లకు ఈకలు ఊడతాయి, చర్మం చీరుకుపోతుంది. కాలి వెనక ముల్లు పదునుగా ఉంటే పక్కల లోతుగా గాయమవుతుంది. బ్రహ్మా జాతి పుంజు 5 కిలోల దాకా తూగుతుంది. అలాంటిదాన్ని కిలో కూడా లేని పెట్ట మీదికి వదలడం క్రూరత్వమే. పుంజు బరువు పెట్టకు రెండింతలు దాటితే నేనైతే ఆ జత కట్టించను. వీపున ఈకలు రాలడం కనిపించిందంటే ఆ రోజే వేరు చేయండి.

తిప్పి చూడండి: చిన్న పుంజు, పెద్ద పెట్ట. ఇది నాకు నచ్చిన జత. పెట్టకు దెబ్బ తగలదు, గుడ్డూ పెద్దదే. చిక్కల్లా పుంజుకు అందకపోవడం. తొక్కినట్టే కనిపిస్తుంది కానీ వెనక భాగాలు కలవవు, గుడ్లన్నీ వట్టివే అవుతాయి. ఇద్దరికీ మలద్వారం చుట్టూ ఉన్న మెత్తటి ఈకలు కత్తిరిస్తే చాలాసార్లు పని జరుగుతుంది. ఒక పుంజుకు రెండు మూడు నెమ్మదస్తురాళ్లైన పెట్టలు చాలు. అప్పటికీ కుదరకపోతే కృత్రిమ గర్భధారణ ఉంది. పొట్ట నిమిరి వీర్యం తీసే ఆ పద్ధతిని 1930లలో బరోస్, క్విన్ అనే పరిశోధకులు చెప్పారు. దాన్ని చదివి కాదు, చేయి తిరిగినవారి దగ్గర చూసి నేర్చుకోవాలి.

పెట్ట ఇంతకుముందు వేరే పుంజుతో ఉంటే దాన్ని తీసేశాక మూడు వారాలు ఆగి గుడ్లు దాచండి. వీర్యం పెట్ట శరీరంలో రెండు వారాలకు పైగా నిలవ ఉండగలదు. ఆగకపోతే తండ్రి ఎవరో చెప్పలేం.

పిల్లలు పెద్దయ్యాక ఎంత అవుతాయి? మామూలుగా తల్లిదండ్రుల మధ్య సైజుకు వస్తాయి. ఆ పిల్లలను మళ్లీ వాటిలో వాటికే జత కడితే సైజులు చెల్లాచెదురవుతాయి. ఒక మినహాయింపు తెలిసి ఉండాలి. కొన్ని కోళ్లలో పొట్టితనం ఒకే జన్యువు వల్ల వస్తుంది, అది ఆడా మగా తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కూతురికి జెడ్ తండ్రి నుంచే అందుతుంది, కొడుక్కి ఇద్దరి నుంచీ. కాబట్టి అలాంటి పొట్టి పుంజును మామూలు పెట్టతో కలిపితే ఆడపిల్లలన్నీ పొట్టివే, మగవి పొట్టివి కావు. పొట్టి పెట్టను మామూలు పుంజుతో కలిపితే పిల్లల్లో ఒక్కటీ పొట్టిది కాదు. మాంసం కోళ్ల పరిశ్రమ దీన్ని బాగా వాడుకుంది: తల్లి పొట్టిది కాబట్టి మేత తక్కువ తింటుంది, పిల్లలు మాత్రం మామూలుగా ఎదుగుతాయి.

ఇక పొదగడం. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో వేడి 37.5 డిగ్రీలే, చిన్న గుడ్డుకైనా పెద్ద గుడ్డుకైనా. తేడా తేమలో వస్తుంది. చిన్న గుడ్డుకు బరువుతో పోలిస్తే పెంకు వైశాల్యం ఎక్కువ కాబట్టి నీరు త్వరగా పోతుంది. 18వ రోజుకు గుడ్డు బరువు 12 నుంచి 14 శాతం తగ్గాలి. అంటే 35 గ్రాముల గుడ్డు 30, 31 గ్రాముల దగ్గర ఉండాలి. అంతకంటే తగ్గిపోతుంటే తేమ పెంచండి. చిన్న గుడ్లు ఒక రోజు ముందే, కొన్నిసార్లు రెండు రోజుల ముందే పగలొచ్చు. రెండు సైజులూ కలిపి పెడితే 17వ రోజుకే తిప్పడం ఆపడం మేలు. కోడి కింద పెడుతుంటే బరువైన కోడికి పల్చటి చిన్న గుడ్లు ఇవ్వకండి, నలిగిపోతాయి.

పుట్టాక సైజును బట్టి పిల్లలను వేరు చేయండి. 23 గ్రాముల పిల్లకు చలి త్వరగా తగులుతుంది, పెద్ద పిల్లల కాళ్ల కింద పడుతుంది. మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీల వేడి, లోతు లేని నీళ్ల గిన్నె, అందులో గులకరాళ్లు తప్పనిసరి.

ఈ వారం చేయాల్సిన పని: మీ పుంజునూ, ప్రతి పెట్టనూ, అవి పెట్టిన గుడ్లనూ తూచి ఒక నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠంలో టార్చి వెలుగులో గుడ్లు చూడటం మొదలుపెడతాం. అప్పుడు ఆ లెక్కలు కావాలి.