మన్యం గూడేల్లో పిల్లల చదువుకు పూనుకునే క్రైస్తవ సంఘాల కోసం

పాడేరు, అరకు, సీతంపేట ప్రాంతాల కొండ గ్రామాలకు సువార్త పని మీద వెళ్లే సంఘాలు ఒకటి రెండేళ్లు గడిచేసరికి పిల్లల చదువు గురించి ఆలోచించక తప్పని స్థితికి వస్తాయి. నాలుగో తరగతి పూర్తయిన పిల్లవాడు రెండు వాక్యాలు కూడబలుక్కోలేకపోవడం, సంక్రాంతికి ఇంటికి వచ్చిన ఆడపిల్ల మళ్లీ హాస్టలుకు వెళ్లకపోవడం కళ్ల ముందే కనిపిస్తూ ఉంటాయి. అప్పుడు కమిటీలో మొదట వినిపించే మాట “మనమే ఒక స్కూలు పెడదాం” అన్నది. ఆ మాట దగ్గర కొంతసేపు ఆగడం మంచిది. చాలా గూడేల్లో కొరత బడి కట్టడానిది కాదు. ఉన్న ప్రభుత్వ బడిలో పిల్లలు చేరేటట్టు, చేరినవారు నిలిచేటట్టు, నిలిచినవారికి చదవడం వచ్చేటట్టు ఓపికగా చూసుకునే మనుషుల కొరత.

ముందు ఇంటింటి లెక్క

పని మొదలుపెట్టే ముందు గూడెంలోని ప్రతి ఇంటికీ వెళ్లి, 6 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలందరి పేర్లూ ఒక పుస్తకంలో రాయండి. ప్రార్థనకు వచ్చే ఇళ్లతో ఈ లెక్క ఆపకూడదు. బడికి వెళ్లని పిల్లల పేరు ఎదుట కారణం రాయండి. ఒకరికి వాన కాలంలో గెడ్డ (వాగు) దాటడం కష్టం, ఇంకొకరు తల్లి కొండ మీద పోడు సాగుకు వెళ్తే తమ్ముణ్ణి చూసుకోవాలి, మరొకరికి ఆధార్ లేదు, వేరొక చోట మాస్టారు వారానికి రెండు రోజులే వస్తారు. కారణం వేరైతే మందు కూడా వేరు కాబట్టి, ఈ పుస్తకం లేకుండా మొదలుపెట్టిన పనులన్నీ పలకలు, బిస్కట్లు పంచడంతోనే ముగుస్తాయి.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు దూరంలోను, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల దూరంలోను అందుబాటులో ఉండాలి. పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడం చెల్లదు. చదువు మధ్యలో ఆపేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడిన భాగానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ మూడు సంగతులు తెలిసిన సువార్తికుడు మండల విద్యాశాఖాధికారి దగ్గరికి గాని, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయానికి గాని తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లి అర్జీ ఇప్పిస్తే, సంఘం సొంత ఖర్చుతో రెండేళ్లలో సాధించలేనిది కొన్నిసార్లు ఆ ఒక్క అర్జీతోనే సాధ్యమవుతుంది. అర్జీ తల్లిదండ్రుల పేరు మీదే ఉండాలి. సంఘం లెటర్‌హెడ్ మీద ఇస్తే అది మతానికి సంబంధించిన వ్యవహారంగా మారిపోయే ప్రమాదం ఉంది.

సొంతంగా బడి పెట్టాలని నిశ్చయించుకున్నవారు తెలుసుకోవలసినవి రెండు. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా, అయినా ఆపకపోతే రోజుకు పది వేల చొప్పున అదనంగా పడుతుంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి కొనడం అంతకంటే గట్టి అడ్డంకి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన తరువాత, అక్కడి భూమి గిరిజనులకు గాని, సభ్యులంతా గిరిజనులే అయిన సొసైటీకి గాని తప్ప మరెవరికీ బదిలీ కావడానికి వీల్లేదు. విశ్వాసి పేరు మీద రాయించి సంఘం వాడుకోవడమనేది బినామీయే. పాస్టరు గారి మంచితనం దానికి రక్షణ కాదు.

సాయంత్రపు చదువు కేంద్రం

ఎక్కువ గూడేలకు సరిపోయేది సాయంత్రం రెండు గంటలు నడిచే చదువు కేంద్రం. అది బడికి బదులు కాదు, బడికి తోడు. అందులో చెప్పే మనిషి ఆ గూడెం పిల్లవాడో, పక్క గూడెం అమ్మాయో అయి ఉండాలి. ఇంటర్ చదివి ఇంట్లో ఉన్నవారు ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతున్నారు. పట్నం నుంచి డిగ్రీ చదివిన యువకుణ్ణి పంపితే రెండు వానలు గడవకముందే తిరిగి వస్తాడని లెక్క వేసుకోవచ్చు. గౌరవ వేతనం ఎంత తక్కువైనా సరే, నెల మొదటి వారంలో బ్యాంకు ఖాతాలో పడాలి. పిల్లలు రాకపోవడం వల్లే కాదు, జీతం ఆలస్యంగా అందడం వల్ల కూడా కేంద్రాలు మూతపడతాయి.

ఇక అసలు కష్టం భాషది, దీని మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. ముంచింగిపుట్టు, పెదబయలు వైపు చాలా ఇళ్లలో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. కోందుల ఇంట కువి, కొండల మీద సవరల ఇంట సవర వినిపిస్తుంది. ఆరేళ్ల పిల్ల బడికి వచ్చిన మొదటి రోజే తనకు తెలియని తెలుగులో తనకు తెలియని అక్షరాలు దిద్దవలసి వస్తే, ఆ పిల్ల నోరు మెదపకపోవడాన్ని మందబుద్ధిగా లెక్కించడం అన్యాయం. విద్యా హక్కు చట్టమే వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామి, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. అవి దొరికితే సంపాదించి వాడండి. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరలతో కలిసిమెలిసి వారి భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. వ్యావహారిక భాషోద్యమం గురించి మాట్లాడేటప్పుడు ఆయనను తలుచుకునే మనం, సవర పిల్లల కోసం ఆయన పడిన శ్రమను అంతగా తలుచుకోకపోవడం విచిత్రమే.

ఆచరణలో దీన్ని ఇలా పెట్టుకోవచ్చు. మొదటి ఆరు నెలలు కథలు, పాటలు, లెక్కింపు, ప్రశ్నలు, జవాబులు అన్నీ ఇంటి భాషలోనే సాగాలి. ఆ సమయంలోనే రోజుకు అయిదారు తెలుగు మాటలు వస్తువులను చూపిస్తూ నోటితో పలికించాలి. పిల్లలు తెలుగులో చిన్న ప్రశ్నకు నోటితో జవాబు చెప్పగలిగిన తరువాతే అక్షరాల జోలికి పోవాలి. గుణింతాల దగ్గర నెమ్మదిగాను, వత్తుల దగ్గర మరింత నెమ్మదిగాను నడవాలి, ఎందుకంటే పై తరగతుల్లో తడబడే పిల్లల్లో చాలామంది ఆగిపోయింది అక్కడే. లెక్కలకు చింతపిక్కలు, సంతలో చెల్లే నోట్లు, చిల్లర చాలు. పెద్ద పిల్లలను మూడు నెలలకోసారి ఒక్కొక్కరిగా పిలిచి, ఎన్నడూ చూడని ఒక పేరా చదివించి, అర్థం చెప్పించి, ఫలితం ఆ మొదటి పుస్తకంలోనే రాయండి. బట్టీ పట్టిన పాఠం అప్పగించడాన్ని చదవడంగా లెక్కించకండి.

కేంద్రం సమయాలు ఊరి కాలెండరుతో నడవాలి. నవంబరు నుంచి కాఫీ కోతలు, ఏప్రిల్లో ఆదివాసీల ఇటుకల పండుగ, పోడు పనుల రోజులు వస్తాయని ముందే తెలుసు కదా. ఆ వారాల్లో హాజరు తగ్గిందని పిల్లలను తిట్టే బదులు, పాఠాన్ని ముందుకో వెనక్కో జరుపుకోవాలి. కొట్టడం మాత్రం ఏ కారణం మీదా కుదరదు.

ప్రార్థన వేరు, పాఠం వేరు

సంఘాలకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఇది. చదువు కేంద్రాన్ని ప్రార్థన పాకలో పెట్టకండి. అంగన్‌వాడీ అరుగు, బడి వరండా, ఊరి మధ్య చెట్టు కింద ఎక్కడైనా సరే గాని, మందిరంలో పెడితే మిగతా ఇళ్లవారు పిల్లలను పంపరు; పంపినవారికి ఊళ్లో మాటలు తప్పవు; చివరకు చిన్న గూడెం రెండు ముక్కలవుతుంది. నోటు పుస్తకాలు సండే స్కూలుకు వచ్చిన పిల్లలకే ఇవ్వడం, బైబిలు వచనం అప్పజెప్పినవారికే పెన్సిలు ఇవ్వడం పైకి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కాని పేద తల్లికి అవి బేరంలా అనిపిస్తాయి, బేరంతో వచ్చిన విశ్వాసం సంఘానికి కూడా బలం కాదు. మొదలుపెట్టే ముందే ఊరి పెద్ద అయిన నాయుడిని, మిగతా పెద్దలను, ఆదివాసీ పూజారి అయిన దిసారిని కూడా కలిసి, ఏం చెప్పబోతున్నారో, ఏం చెప్పబోరో వివరించండి. దిసారి మనవరాలు ఆ కేంద్రంలో నిశ్చింతగా కూర్చుని చదువుకోగలుగుతోందా అన్నది పని సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మంచి కొలత.

రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని పొందిన విద్యాసంస్థలో మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గాని, ఆరాధనకు గాని హాజరు కమ్మనకూడదు. కేంద్రానికి అలాంటి గుర్తింపు లేకపోయినా ఈ నియమాన్నే పాటించడం మేలు. ఆదివారం ఆరాధన, సండే స్కూలు ఎప్పటిలా వేరే చోట, వేరే వేళలో, తల్లిదండ్రుల ఇష్టంతో జరుపుకోవచ్చు. దాన్ని దాచవలసిన పని లేదు, పాఠంలో కలపవలసిన పనీ లేదు.

కాగితాలు, హాస్టళ్లు

బాప్తిస్మం తీసుకున్న పిల్లలకు కొత్త పేరు పెట్టుకోవడం సంఘం ఇష్టం, ఆ కుటుంబం ఇష్టం. అయితే బడి రిజిస్టరులో, ఆధార్‌లో, కుల ధ్రువీకరణ పత్రంలో పేరు ఒకటే ఉండాలి. ఒక చోట పాత పేరు, మరో చోట కొత్త పేరు ఉన్నందువల్ల పదో తరగతి తరువాత ఉపకార వేతనం ఆగిపోయి నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగే పిల్లలు ఏజెన్సీలో ఎందరో. మతం మారితే ఎస్టీ హోదా పోతుందన్న భయం గూడేల్లో తరచూ వినిపిస్తుంది. క్రైస్తవులైతే హోదా పోతుందని షెడ్యూల్డు కులాల విషయంలో ఉన్న నిబంధన షెడ్యూల్డు తెగలకు లేదు, ఎస్టీ హోదా మతం మీద ఆధారపడదు. ఈ సంగతి తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పండి.

గిరిజన పిల్లల ప్రభుత్వ వసతి బడులైన ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న పిల్లలకు సంఘం చేయగలిగిన మేలు సెలవుల చివర ఉంటుంది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు ముగిసే రోజున గూడెం పిల్లలందరినీ కూడగట్టి, ఒక పెద్దమనిషి వెంట బడి దాకా పంపితే, మానేసేవారి సంఖ్య తగ్గుతుంది. మధ్యలో నెలకోసారి వెళ్లి పలకరించి, జ్వరం, గజ్జి వంటివి కనిపిస్తే వార్డెనుకు, ఇంటికి కబురు చేయండి. సొంత హాస్టలు ఆలోచనను మాత్రం వీలైనంతవరకు పక్కన పెట్టండి. అనాథలను, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ఏ ఇల్లయినా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదు కావాలి. తల్లిదండ్రులు ఉన్న పిల్లలను అనాథలని చూపించి నిధులు తెచ్చుకోవడం నేరమే కాదు, పాపం కూడా. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, సంఘం పరువు అంటూ లోలోపల సర్దుబాటు చేయకుండా పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పకపోవడమే శిక్షార్హం. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయడం గూడెంలో అందరికీ నేర్పండి.

డబ్బు

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న తెలుగు సంఘాలు సాయం చేస్తామన్నప్పుడు తొందరపడకండి. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంస్థ ఆ డబ్బు తీసుకోకూడదు. 2020 సవరణ తరువాత, నమోదు ఉన్న సంస్థ కూడా దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి విశాఖలోని పెద్ద సంఘం ఖాతా ద్వారా కొండ మీది చిన్న సంఘానికి పంపే పాత పద్ధతి ఇప్పుడు చెల్లదు. ఇద్దరు ఉపాధ్యాయుల గౌరవ వేతనం, సోలార్ దీపాలు, పలకలు, సుద్దముక్కలు ఊరి పక్క సంఘాల కానుకలతోనే సమకూరేంత చిన్నగా పనిని ఉంచుకోవడం మేలు. దాతలకు పంపే ఉత్తరాల్లో చిరిగిన చొక్కాతో ఉన్న పిల్లల ఫొటోలు, పేర్లు పెట్టకండి. ఆ మూడు నెలల చదువు ఫలితాలు పంపండి, చాలు.

బడికి క్రమంగా వచ్చే పిల్లలు పెరిగి, చదవగలిగేవారు ఎక్కువైన గూడెంలో కేంద్రాన్ని మెల్లగా వదులుకోవాలి. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. సంఘంలోని తల్లులు, మిగతా ఇళ్ల తల్లులు కలిసి ఆ కమిటీలో కూర్చునేలా చూసి, ఇంటింటి లెక్క పుస్తకాన్ని వారి చేతికి ఇచ్చి, ఆ ఏడాది గౌరవ వేతనాన్ని ఇంకా బడి ముఖం చూడని పక్క గూడేనికి మళ్లించవచ్చు.