ఆషాఢంలోనే చూసుకోవాల్సినవి: ఒంటరిగా కీబోర్డు వాయించేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

ఆషాఢం మనకు ఖాళీ నెల. పెళ్ళిళ్ళు ఉండవు, ఫోను మోగదు, కీబోర్డు బ్యాగులోంచి బయటికి రాదు. శ్రావణం వచ్చిందంటే ముహూర్తాలు, రిసెప్షన్లు, వ్రతాలు. అవి అయ్యీ అవకముందే చవితి పందిళ్ళు. ఆ రెండు నెలలూ నడుం వాల్చే తీరిక ఉండదు, పైగా అంతా వానల్లోనే. కాబట్టి చూసుకోవాల్సినవన్నీ ఇప్పుడే చూసుకోవాలి.

గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్ళుగా ఒక్కణ్ణే వాయిస్తూ పాడుతున్నాను. అంతకుముందు ఆర్కెస్ట్రాలో ఉండేవాణ్ణి. అక్కడ తబలా ఆగితే రిథమ్ ప్యాడ్స్ అబ్బాయి అందుకునేవాడు, నేను తడబడితే గిటారు నెట్టుకొచ్చేది. అరేంజర్ కీబోర్డు ముందు ఒక్కడే కూర్చున్నవాడికి డ్రమ్ములు, బేసు, గిటారు, వయొలిన్లు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. ఆ పెట్టె బతుకు సన్నటి అడాప్టరు వైరు మీద. అది ఊడితే పదిమందీ ఒకేసారి మాయం. అందుకని కొత్త పాటల కంటే ముందు కరెంటు సంగతే చూసుకుంటాను.

అసలు అడాప్టరుకు తోడు ఇంకొకటి బ్యాగులో ఉండాలి. కొనేటప్పుడు పిన్ను పట్టింది కదా అని తెచ్చేసుకోవద్దు. యమహా చిన్న మోడళ్ళకు 12 వోల్టులు, పెద్ద పీఎస్‌ఆర్ మోడళ్ళకు 16 వోల్టులు. రోలాండ్‌లో చాలావాటికి పిన్ను మధ్యభాగం మైనస్, యమహాకు ప్లస్. తప్పుది గుచ్చితే బోర్డు పోతుంది, సీజన్ మధ్యలో రిపేరు అంటే వారాలు పడుతుంది. కీబోర్డు వెనక రాసిన వోల్టులు, ఆంపియర్లు, ప్లస్ మైనస్ బొమ్మ మూడూ ఫోనులో ఫొటో తీసుకుని షాపుకు వెళ్ళండి.

రెండోది యూపీఎస్. కంప్యూటరుకు వాడే 600 వీఏ చిన్నది చాలు. మన కీబోర్డు తినేది ముప్పై నలభై వాట్లకు మించదు. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు స్పీకర్లు ఎలాగూ ఆగుతాయి, దానికి మనం చేసేదేమీ లేదు. కానీ కీబోర్డు కూడా ఆగితే మళ్ళీ మొదటినుంచి లేవాలి, స్టైల్ (పాటకు తగ్గ రిథమ్, తోడు వాయిద్యాల నడక) పెట్టాలి, టెంపో పెట్టాలి, శ్రుతి మార్చాలి. జనం అప్పటికే భోజనాల వైపు లేస్తారు. యూపీఎస్ ఉంటే స్పీకరు రాగానే అదే చరణం అందుకోవచ్చు. ఆ యూపీఎస్‌కి ఫ్యాన్లూ లైట్లూ తగిలించనివ్వకండి. "ఒక్క ఫోను ఛార్జింగు అన్నయ్యా" అని వచ్చేవాళ్ళకు కూడా దణ్ణం పెట్టేయండి. సీరియల్ లైట్లు, హాలోజన్లు ఉన్న లైన్లోంచి కాకుండా వేరే లైను ఇమ్మని టెంట్ హౌస్ వాళ్ళకు ముందురోజే చెప్పాలి. చిన్న జనరేటర్లు పెద్ద లైటు వెలిగిన ప్రతిసారీ వోల్టేజి ఊగిస్తాయి.

ఇక అన్నిటికంటే పెద్ద భయం, షాకు. దీని గురించి మనవాళ్ళు మాట్లాడరు, నవ్వేస్తారు. మైకు పెదవికి తగిలి చురుక్కుమంటే "కొద్దిగా కొడుతోంది లెండి" అని గుడ్డ చుట్టి పాడేస్తారు. చవితి పందిరి ఎలా ఉంటుందో ఆలోచించండి. స్తంభం మీంచి లాగిన వైరు, ఎర్తింగు ఉండదు, వానకు తడిసిన నేల. దేవుడి ముందు కాబట్టి చెప్పులు కూడా విప్పేసి కూర్చుంటాం. ఒక చేయి కీబోర్డు ఇనప స్టాండు మీద, ఇంకో చేతిలో మైకు. కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి పోవాలంటే గుండె మీంచే పోవాలి. ఒక ఏడాది నాకే భుజం దాకా కొట్టింది, ఆ రాత్రి పాట మధ్యలో లేచి వెళ్ళిపోయాను. కమిటీ కుర్రాళ్ళు అలిగారు. అలగనివ్వండి.

కాబట్టి టెస్టరు జేబులో ఉండాలి. వైర్లన్నీ కలిపాక మైకు గ్రిల్లుకు, స్టాండుకు, స్పీకరు జాకుకు పెట్టి చూడండి. వెలిగితే ఎర్తింగు సరిచేసేదాకా వాయించేది లేదు. కరెంటు లీకైతే వెంటనే లైను తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి, ఒక్క ప్రోగ్రాం డబ్బులతో అయిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టి గుచ్చే అలవాటు ఎవరికన్నా ఉంటే ఈ ఏడాదికి మానేయండి. స్పీకర్లో గుయ్‌మనే శబ్దం పోవాలంటే దానికి కీబోర్డుకూ మిక్సరుకూ మధ్య పెట్టే డీఐ బాక్సు ఉంది. కాళ్ళ కింద పొడి చెక్క, దానిమీద రబ్బరు మ్యాటు. ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకుండా ముందు మెయిన్ కట్టేయాలి. ఆ మెయిన్ ఎక్కడుందో వాయించడం మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

కీబోర్డు లోపలి సంగతులకు వస్తే, నన్ను ఎక్కువగా నవ్వులపాలు చేసింది సింక్ స్టార్ట్. ఎడమ చేయి పడగానే రిథమ్ మొదలయ్యే బటను అది. ఓ పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళ, పంతులుగారు మంత్రం గట్టిగా చదువుతున్నారు. నేను మంచినీళ్ళ సీసా కోసం వంగాను, మోచేయి కీబోర్డు మీద పడింది. ఫుల్ వాల్యూములో తీన్‌మార్. సన్నాయి ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పాట అయ్యాక మొదట చేయాల్సింది సింక్ స్టార్ట్ తీసేయడం, ఆ తర్వాత వాల్యూము తగ్గించడం. గట్టిమేళం అనగానే పాట ఎక్కడున్నా ఆపేయాలి కాబట్టి స్టార్ట్ స్టాప్ బటను కళ్ళు మూసుకున్నా చేతికి తగిలేలా సాధన చేయండి. సన్నాయి శ్రుతి వాళ్ళది, మనం మధ్యలో దూరొద్దు.

ఆటో పవర్ ఆఫ్ మరో దొంగ. యమహా మోడళ్ళలో చాలావాటికి అరగంట ముట్టుకోకపోతే వాటంతటవే ఆగిపోయేలా సెట్ చేసి పంపుతారు. రిటైర్మెంటు సభల్లో అరగంట ఉపన్యాసం ఎంతసేపు! ఆయన ముగించి "ఇప్పుడొక చక్కటి పాట" అనేసరికి తెర చీకటి, సేవ్ చేయని సెట్టింగులన్నీ గల్లంతు. మెనూలోకి వెళ్ళి ఇవాళే తీసేయండి.

రిజిస్ట్రేషన్లు, అంటే ఒక్క బటనుతో వచ్చేలా దాచుకున్న సెట్టింగులు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. చాలా కీబోర్డుల్లో రిజిస్ట్రేషన్ గుర్తుపెట్టుకునేది స్టైల్ ఎక్కడుందో ఆ చిరునామాని మాత్రమే. సర్దుదామని ఫోల్డరు పేరు మార్చారంటే స్టేజి మీద బటను నొక్కినా స్టైల్ రాదు. సర్దడం ఇప్పుడే చేసి, ప్రతి బటనూ నొక్కి చూసి, అదంతా రెండో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చే పెన్‌డ్రైవ్ వద్దు, పాట పాడతానని స్టేజి ఎక్కే మావయ్యల పంచె అంచుకు తగిలి ఊడుతుంది.

ఆ మావయ్యలే అసలు పరీక్ష. ఒంటరిగా వాయించేవాడికి రిహార్సల్ ఉండదు, పాడేది ఎవరో ఆ క్షణం దాకా తెలియదు. "ఏ శ్రుతండీ" అంటే "నువ్వు వాయించు బాబూ, నేను అందుకుంటా" అంటారు. నమ్మకండి. ముందు పల్లవి మొదటి మాట రిథమ్ లేకుండా పాడించండి, చరణంలో పైకి వెళ్ళే చోటు కూడా. అప్పుడు తెలుస్తుంది ఆయన శ్రుతి ఒకటిన్నరా, మూడా, అయిదా అన్నది. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటను నొక్కాక, పాట అయిపోగానే తిరిగి సున్నాకు తెచ్చే అలవాటు చేసుకోండి. మరిచిపోతే తర్వాతి పాటలో మీ చేతులు ఒక చోట, శ్రుతి ఇంకో చోట. రిజిస్ట్రేషన్ మార్చినప్పుడు ట్రాన్స్‌పోజ్ కూడా మారిపోతోందేమో చూసుకోండి. ఫ్రీజ్ (కోరిన సెట్టింగులు మారకుండా పట్టి ఉంచే వీలు) ఉన్న మోడళ్ళలో దాన్ని ఆపుకోవచ్చు.

రాగం ఉన్న పాటలకు ఇంకొంచెం జాగ్రత్త. ఆటో కార్డు, అంటే ఎడమ చేత్తో పట్టిన స్వరాలను బట్టి తోడు వాయిద్యాలను నడిపే ఏర్పాటు, మన సంగీతం తెలిసింది కాదు. హిందోళం పాట వచ్చిందనుకోండి, శ్రుతి సి. సా మైనరే కదా అని సి మైనర్ పట్టుకుంటే అందులో జి ఉంది, అంటే పంచమం. హిందోళంలో పంచమమే లేదు. మనం వేలు పెట్టకపోయినా లోపల బేసూ గిటారూ పంచమం కొడుతూనే ఉంటాయి, వినేవాళ్ళకు ఎందుకో తెలియకుండానే ఏదో చెడినట్టు ఉంటుంది. ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్ మేజర్ రెండూ ఆ రాగం స్వరాల్లోనే ఉంటాయి, వాటితో నడిపించండి. మీరెలా వాయిస్తారో మీ ఇష్టం గానీ, కీర్తనలకు నేను కార్డులు తీసేసి తంబురాలా ఆగకుండా మోగే ప్యాడ్ శబ్దం ఒకటి నిలిపి ఉంచుతాను. అయిదు మాత్రల ఖండచాపు కీర్తన అడిగితే నాలుగు మాత్రల స్టైల్‌లో ఇరికించడం కంటే రిథమ్ ఆపి, ఎవరిచేతనైనా తాళం వేయించడం మర్యాదగా ఉంటుంది. అయిదు, ఏడు మాత్రల స్టైళ్ళు కావాలంటే సొంతంగా చేసుకోవడానికి ఈ నెలే సమయం.

స్టాండు విషయం చిన్నదే. టెంట్ హౌస్ బల్లలు కలిపి, పైన తివాచీ పరిస్తే సందులు కనబడవు. స్టాండు కాలు అందులో దిగితే కీబోర్డు ముందుకు వాలుతుంది. తివాచీ ఎత్తి చూసి పెట్టండి.

సౌండ్ వాళ్ళకు ఒక్క జాకే ఇస్తుంటే అది ఎల్ మోనో అని రాసిన దాంట్లోంచే ఇవ్వాలి. ఆర్‌లోంచి ఇస్తే ఎడమ వైపు పెట్టిన వాయిద్యాలు సరిగా వినబడవు. వేసేటప్పుడు కీబోర్డు ముందు, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు తిరగేసి.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. మీ పందిరికి అనుమతి కాగితం ఉందో లేదో కమిటీని అడిగి కళ్ళతో చూడండి. పోలీసులు వస్తే సర్దుకుని పోయేది కమిటీ, స్టేజి మీద సామానుతో కనబడేది మనం.

వానకు మందపాటి ప్లాస్టిక్ షీటు కీబోర్డు బ్యాగులోనే మడిచి ఉంచండి, కారు డిక్కీలో కాదు. చినుకు మొదలైతే ముందు కరెంటు కట్టి, తర్వాత కప్పాలి. ఒకసారి తడిసిందంటే ఆరిందనిపించినా ఆ రాత్రి ఆన్ చేయొద్దు, రిపేరు చేసేవాళ్ళకు చూపించి అప్పుడు వేయండి.

ప్రోగ్రాం అయ్యాక ఎవరో ఒకరు ప్రేమగా సామాను సర్దిపెడతామంటారు. స్పీకర్లు మోయించుకోండి గానీ వైర్లు మాత్రం మీరే చుట్టుకోండి. నేను అడాప్టరుకు, జాకులకు ఎర్ర టేపు చుట్టి, లెక్క బ్యాగు మూత లోపల రాసుకున్నాను. అంతకుముందు ఒక చవితికి ఇంటికొచ్చి చూసుకుంటే బ్యాగులో టెంట్ హౌస్ వాళ్ళ ఎక్స్‌టెన్షన్ వైరు ఉంది, నా అడాప్టరు లేదు.