ఆటోమేషన్ గేమ్‌లో 10,000 ఆర్‌పీఎం సూపర్‌కార్

ఆటోమేషన్ అంటే ఇంజిన్లు, కార్లు డిజైన్ చేసే గేమ్. ఇందులో ముందు స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) తేల్చుకోండి, హార్స్‌పవర్ సంగతి తర్వాత. 60 డిగ్రీల వీ12 (వీ ఆకారంలో రెండు వరసల్లో పన్నెండు సిలిండర్లు) తీసుకుని బోర్ (సిలిండర్ వ్యాసం) 84, స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు పెడితే సుమారు 4.8 లీటర్లు వస్తుంది. స్ట్రోక్‌ను మీటర్లలో తీసుకుని రెట్టింపు చేసి, ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లతో) గుణించి, 60తో భాగిస్తే పిస్టన్ సగటు వేగం: 10,000 దగ్గర సెకనుకు 24 మీటర్లు. 9,000 తిరిగే లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ వీ10 (స్ట్రోక్ 79) దాదాపు ఇదే వేగంలో ఉంటుంది. అదే 10,000 దగ్గర స్ట్రోక్ 90 చేస్తే 30కి చేరుతుంది. పిస్టన్లను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లు తట్టుకోవు.

లోపల బిల్లెట్ (ఒకే లోహపు దిమ్మె నుంచి చెక్కిన) క్రాంక్, టైటానియం రాడ్లు, తేలికైన ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పైన డీఓహెచ్‌సీ (ప్రతి సిలిండర్ వరసకు రెండు క్యామ్‌షాఫ్ట్‌లు), సిలిండర్‌కు నాలుగు వాల్వులు. క్యామ్ ప్రొఫైల్ (వాల్వులు ఎంతసేపు, ఎంత తెరుచుకోవాలన్నది) పెంచేకొద్దీ పవర్ పై ఆర్‌పీఎంలకు జరుగుతుంది, కింద టార్క్ పడిపోతుంది. గ్రాఫ్‌లో పవర్ 8,500కే వాలిపోతుంటే రెడ్‌లైన్ (ఆర్‌పీఎం గరిష్ఠ పరిమితి) పెంచి లాభం లేదు: క్యామ్ గానీ, ఇన్‌టేక్ గానీ, సన్నని ఎగ్జాస్ట్ గొట్టం గానీ గొంతు నొక్కుతోందన్నమాట. నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం తనంతట తానే అంటుకుని పేలడం) వస్తే కంప్రెషన్ కొద్దికొద్దిగా తగ్గించండి.

వీ12 పొడవు మరిచిపోకండి; చిన్న బాడీలో వెనక మధ్యభాగాన (సీట్ల వెనక) అసలు పట్టదు. గేర్లు దగ్గరదగ్గరగా పెట్టండి, లేదంటే మార్చిన ప్రతిసారీ ఆర్‌పీఎం టార్క్ లేని చోటుకి పడుతుంది.