వకీలు గారితో పేచీ వచ్చిందా? నిబంధనల్లో మందు ఉంది

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా న్యాయవాదులకు పెట్టిన ప్రవర్తనా నియమాలు చదువుతుంటే కొన్నిచోట్ల నవ్వు ఆగదు. ఆఫీసు ముందు పేరు బోర్డు ఎంత ఉండాలి, గౌను ఎక్కడెక్కడ వేసుకు తిరగకూడదు అన్నదాకా రాసిపెట్టారు. నాకు ఆ పట్టింపు నచ్చుతుంది. కక్షిదారుకు అక్కరకొచ్చే నియమాలు కూడా వాటి పక్కనే ఉన్నాయి.

సమస్య: "గెలిస్తే భూమిలో మూడో వంతు నాది, ఓడితే పైసా వద్దు" అంటున్నారు.
కారణం: వినడానికి కర్ణుడి దానంలా ఉంటుంది. 20వ నియమం మాత్రం ఒప్పుకోదు. ఫీజును గెలుపుతో ముడిపెట్టకూడదు, వచ్చినదాంట్లో వాటా అడగకూడదు. వాటా ఉన్న మనిషి "రాజీ పడితే మీకే మంచిది" అని మనసారా ఎలా చెప్పగలరు?
పరిష్కారం: ఫీజెంతో, ఎప్పుడెప్పుడు ఇవ్వాలో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

సమస్య: "బాకీ కట్టండి, కేసు కట్ట తీసుకెళ్లండి" అంటూ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశారు.
కారణం: ఫీజు రాకపోతే ఫైలు తాకట్టులో ఉన్నట్టేనన్న నమ్మకం. ఇది తప్పని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. బాకీ ఉంటే వసూలుకు వేరే దారి చూసుకోవాలి, కక్షిదారు కాగితాలు ఆపకూడదు.
పరిష్కారం: ఫైలు ఇవ్వమని స్పీడ్ పోస్టులో అడగండి. కొత్త వకీలును పెట్టుకోవాలంటే 39వ నియమం ప్రకారం పాతవారి సమ్మతి కావాలి. వారు ఇవ్వకపోతే, కారణం చెప్పి కోర్టు అనుమతితో కొత్త వకాలత్ వేయొచ్చు. చాలామంది ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి నలిగిపోతున్నారు.

సమస్య: నోటీసు రాసిచ్చిన వకీలే వాయిదా రోజు ఎదుటి పార్టీ పక్కన నిలబడ్డారు.
కారణం: 33వ నియమం మరిచారు. ఒక పక్షానికి సలహా ఇచ్చినా, కాగితం రాసిపెట్టినా, అదే వ్యవహారంలో రెండో పక్షం తరఫున రాకూడదు.
పరిష్కారం: ఆ నోటీసు నకలు జడ్జి గారి ముందు పెట్టించండి.

సమస్య: గది కంటే బోర్డు పెద్దది. దాని మీద "మాజీ జడ్జి", "విడాకుల స్పెషలిస్ట్".
కారణం: ప్రచార సరదా. 36వ నియమం బోర్డు ఒక మోస్తరు సైజులో ఉండాలంటుంది, ఈ రెండు మాటలూ రాయొద్దంటుంది.
పరిష్కారం: బోర్డు చూసి వకీలును ఎంచుకోకండి.

సమస్య: వాయిదాకు రారు, ఫోన్ ఎత్తరు.
కారణం: పని ఒత్తిడి కావచ్చు, నిర్లక్ష్యమూ కావచ్చు.
పరిష్కారం: ముందు సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఉండే ప్రత్యేక సంఖ్య) అడిగి తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా మీకే కనిపిస్తుంది. నిర్లక్ష్యమే అని తేలితే, 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే లాభం లేదు, ఆ దారిని సుప్రీంకోర్టు 2024లో మూసేసింది. కేసు ఓడిపోయారన్న ఒక్క కారణంతో మాత్రం ఫిర్యాదు పెట్టకండి, అది దుష్ప్రవర్తన కాదు. దుష్ప్రవర్తన రుజువైతే మందలింపు నుంచి న్యాయవాదుల జాబితాలో పేరు కొట్టివేత దాకా శిక్షలున్నాయి. ఏడాదిలో రాష్ట్ర కౌన్సిల్ తేల్చకపోతే ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. అందుకే ఫిర్యాదు ఇచ్చిన తేదీ ఉన్న రసీదును భద్రంగా దాచుకోండి.