ఇంట్లో అందరూ కలిసి ఆలోచిస్తూ చదవడం ఎలా? రూతుతో మొదలుపెట్టి చూడండి

చాలా ఇళ్ళలో కుటుంబ ప్రార్థన ఎలా జరుగుతుందో మనకి తెలిసిందే, ఒక పాట, గబగబా ఒక అధ్యాయం, నాన్న ప్రార్థన, ఆమేన్, ఆ వెంటనే అన్నాలు. మా ఇంట్లోనూ ఏళ్ళ తరబడి ఇంతే. అది తప్పని నేను అనను, ఆ అలవాటు ఉండబట్టే మా పిల్లలు ఈరోజుకీ రాత్రి ఎనిమిదింటికి వచ్చి కూర్చుంటున్నారు. కానీ ఇప్పుడు ఏం చదివాం అని అడిగితే ఎవరికీ గుర్తుండేది కాదు, నాక్కూడా. అందుకే రెండేళ్ళ క్రితం పద్ధతి మార్చాం, మాకు ఎలా కుదిరిందో చెప్తాను, మీ ఇంటికి తగ్గట్టు సర్దుకోండి.

మొదట బైబిల్లో ఒక చిన్న పుస్తకం తీసుకోండి. నా మాట వింటే రూతు. నాలుగే అధ్యాయాలు, మొత్తం 85 వచనాలు, రోజుకి పది పన్నెండు చొప్పున చదివినా వారం పదిరోజుల్లో అయిపోతుంది. పైగా అది అత్తాకోడళ్ళ కథ, కరువొచ్చి ఊరొదిలి వలస పోయిన ఇంటి కథ, మగదిక్కు పోయాక ఇద్దరు ఆడవాళ్ళు ఎలా బతికారన్న కథ, మన ఇళ్ళలో ఎవరికీ ఇది పరాయిగా అనిపించదు. "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను" అన్న మాట మొగుడూ పెళ్ళాల మధ్యదని చాలామంది అనుకుంటారు, కోడలు అత్తతో అన్న మాట అది.

తలా రెండు మూడు వచనాలు పైకి చదవండి, ఒక్కళ్ళే చదివితే మిగతావాళ్ళ మనసు ఎటో పోతుంది. పాత అనువాదం పిల్లలకి కష్టమే, అలా అని దాన్ని పక్కన పెట్టేయొద్దు, వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని అర్థంకాని చోట అది చూడండి, లేదా ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. రెండో అధ్యాయంలో రూతు "పరిగె" ఏరుకోవడానికి వెళ్తుంది కదా, మా అమ్మాయి ఎనిమిదో తరగతి, పరిగె అంటే ఏంటమ్మా అంది. నేను చెప్పేలోపే మా అత్తయ్య అందుకున్నారు. ఆవిడది తెనాలి వైపు పల్లెటూరు, చిన్నప్పుడు వరికోతలయ్యాక పనలు ఎత్తేసిన మడిలో రాలిన వెన్నులు ఏరుకుని ఒడిలో వేసుకునేవాళ్ళట, మోడులు గుచ్చుకుని కాళ్ళు గీరుకుపోయేవట, కొందరు రైతులు ఏరుకోనిచ్చేవాళ్ళు, కొందరు కేకలేసి తరిమేవాళ్ళు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి లేవీయకాండం 19 తీసి చదివాం, పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె బీదలకీ పరదేశులకీ వదిలేయాలి అని ఉంటుంది అక్కడ. అంటే తరిమినవాళ్ళదే తప్పు కదా నానమ్మా, అంది మా పిల్ల. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళని తప్పకుండా కూర్చోబెట్టుకోండి.

తర్వాతది ప్రశ్న. చదవడం అయ్యాక ఒక్కొక్కళ్ళు ఒక్క ప్రశ్న అడగాలి, దాన్ని ఒక నోట్‌బుక్‌లో రాయాలి, ఆ రోజు దానికి ఎవ్వరూ జవాబు చెప్పకూడదు. ముఖ్యంగా నాన్నలు. మనకి వెంటనే చెప్పేయాలనిపిస్తుంది, చెప్పేస్తే పిల్లాడు ఆలోచించడం ఆపేస్తాడు, మళ్ళీ అడగడు కూడా. మా అబ్బాయి ఇంటర్, వాడు అడిగింది ఏంటంటే, రూతు అత్త నయోమి "సర్వశక్తుడు నాకు చాలా దుఃఖము కలుగజేసెను" అంది కదా, దేవుడి మీద అలా నిష్ఠూరం ఆడొచ్చా అని. మా ఆయన ఏదో అనబోయి ఆగారు. మర్నాడు మళ్ళీ అదే పేజీ తీశాం, వెతికితే ఆ మాట అన్నందుకు ఆవిణ్ణి ఎవ్వరూ మందలించినట్టు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు, ఊళ్ళో ఆడవాళ్ళు విన్నారంతే. వాడే అది కనిపెట్టాడు. పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్ళు చెప్పేది వింటూ వాళ్ళని ప్రశ్నలు అడుగుతున్నాడని లూకా రెండో అధ్యాయంలో ఉంది, కాబట్టి అడిగే పిల్లల్ని చూసి భయపడొద్దు.

ఇంకో నియమం, ఇది చాలా అవసరం. ఎవరికి రాసిన వచనం వాళ్ళే చదువుకోవాలి. ఎఫెసీ పత్రిక అయిదు, ఆరు అధ్యాయాలు తీయండి, భార్యలకి ఒక మాట, భర్తలకి ఒక మాట, పిల్లలకి ఒకటి, తండ్రులకి ఒకటి ఉంటాయి. మన ఇళ్ళలో జరిగేది ఏంటి, భర్త భార్య వచనం చదివి వినిపిస్తాడు, తల్లిదండ్రులు "తలిదండ్రులకు విధేయులైయుండుడి" పిల్లలకి అప్పజెప్తారు. అలా కాకుండా 5:21 అందరూ కలిసి చదవండి, "ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉంటుంది, ఆ తర్వాత ఎవరి వంతు వాళ్ళు చదవండి. మా ఆయన "మీ పిల్లలకు కోపము రేపక" అని పిల్లల ముందే చదివినప్పుడు ఆయన గొంతు మారింది. వాక్యం పక్కవాళ్ళని కొట్టడానికి కర్ర అయిన ఇంట్లో పిల్లలు పెద్దయ్యాక దాన్ని ముట్టుకోవడానికే భయపడతారు, అలాంటి ఇళ్ళు నేను చూశాను.

బైబిల్ కాకుండా వేరే పుస్తకాలు చదవొచ్చా అని అడుగుతారు. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాట ఎత్తి మరీ మాట్లాడాడు, అపొస్తలుల కార్యములు 17లో చూడండి. చదవొచ్చు, చదవాలి కూడా. రూతు మోయాబు అనే పరాయి దేశపు స్త్రీ, మోయాబీయులు ఇశ్రాయేలీయుల సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండంలో ఉంది, అలాంటి ఆవిడే దావీదుకి ముత్తవ్వ అయింది. అక్కడ మా ఇంట్లో మాట కులం మీదకి వెళ్ళింది, అప్పుడు జాషువా గారి గబ్బిలం తీశాం. వినుకొండలో పుట్టిన ఆయన 1941లో తెచ్చిన కావ్యం, గుళ్ళోకి రానివ్వని ఒక పేదవాడు కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు, ఎందుకంటే గబ్బిలాన్ని గుళ్ళోకి రావద్దని ఎవరూ అనరు. పద్యాలు కష్టమే, రోజుకి రెండు చాలు.

ఇలాంటి పుస్తకం చదివేటప్పుడు ముందు కవి ఏమంటున్నాడో మన మాటల్లో చెప్పాలి, ఆయనే వింటే అవును నేనన్నది ఇదే అనేలా. ఆ తర్వాతే మనం ఒప్పుకుంటామా లేదా అన్నది. చివరగా లేఖనం ఏమంటుందో చూడాలి. మేము యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివాం, బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి బీదవాణ్ణి అక్కడ నిలబడు అనడం గురించి ఉంటుంది. అప్పుడు మా అబ్బాయి అడిగిన ప్రశ్న, మరి మనవాళ్ళు పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కులం ఎందుకు అడుగుతారు? అది నోట్‌బుక్‌లో అలాగే ఉంది, దానికి మా దగ్గర ఇంకా జవాబు లేదు, కానీ దాని మీద మా ఆయనా నేనూ చాలా రాత్రులు మాట్లాడుకున్నాం.

వాట్సాప్‌లో వచ్చే ప్రసంగం ముక్కలకీ ఇదే పద్ధతి, బెరయ అనే ఊళ్ళో వాళ్ళు పౌలు చెప్పిందే లేఖనాలు తీసి ప్రతిరోజూ సరిచూసుకున్నారు, మనం ఫార్వర్డ్ చేసేముందు ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదవడం పెద్ద పనేం కాదు.

ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, ఫోన్లు పక్క గదిలో పెట్టండి. పరీక్షలప్పుడో చుట్టాలొచ్చినప్పుడో నాలుగు రోజులు ఆగిపోతుంది, ఆగిన వచనం దగ్గరే మళ్ళీ మొదలుపెట్టండి, ఎవర్నీ ఏమీ అనకండి. రూతు అయ్యాక ఫిలేమోను పత్రిక, 25 వచనాలే, రెండు రోజుల్లో అవుతుంది. ఇంటర్, డిగ్రీ పిల్లలుంటే ప్రసంగి గ్రంథం చదవండి. మేమిప్పుడు అందులో మూడో అధ్యాయంలో ఉన్నాం, ఈసారి నోట్‌బుక్ మా అత్తయ్య గారి దగ్గరుంది, కళ్ళజోడు పెట్టుకుని అందరి ప్రశ్నలూ ఆవిడే రాస్తున్నారు.